తూకానికి పోతున్న ఆ పేజీల్లో సర్క్యూట్లున్నాయి

సంపాదకులకు నమస్కారం.

కాలేజీలు, లైబ్రరీలు పాత ఎలక్ట్రానిక్స్ పత్రికలను కిలోల లెక్కన అమ్మేస్తున్నాయి. అమ్మే ముందు ఒక్కసారి ఆ పేజీలు తిప్పి, సర్క్యూట్ బోర్డుల అసలు సైజు బొమ్మలున్నాయేమో చూడమని కోరడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. విషయం చాలామందికి కొత్త కాబట్టి కాస్త వివరంగా చెప్పక తప్పదు. పొడుగైతే మన్నించి వేయగలరు.

ఈమధ్య మా వైపున్న ఒక కాలేజీ తన లైబ్రరీలో ఒక గది ఖాళీ చేసింది. కంప్యూటర్లు పెట్టడానికి జాగా కావాలట. బైండు చేసిన పాత సంపుటాలన్నీ ట్రాలీ ఆటోలో పాత పేపర్ల దుకాణానికి చేరాయి. సంగతి తెలిసి నేను వెళ్ళేసరికే కొన్నిటి అట్టలు చింపి, అట్ట వేరు, కాగితం వేరు చేసి కట్టలు కట్టేశారు. మిగిలినవాటిలో ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ పాత సంచికలున్నాయి. 1980ల్లో బొంబాయి నుంచి వచ్చిన ‘ఎలెక్టర్’ భారతీయ సంచికలున్నాయి. ఇంగ్లండు నుంచి వచ్చే ‘ప్రాక్టికల్ ఎలక్ట్రానిక్స్’ కూడా కొన్ని. దుకాణం ఆయన మంచివాడు, కాగితం ధరకే ఇచ్చాడు. మోయగలిగినన్ని తెచ్చుకున్నాను, మిగతావి పోయాయి. ఆ కాలేజీ పేరు రాయడం లేదు. వాళ్ళకి దురుద్దేశం ఏమీ లేదు. ఆ పేజీల్లో ఏముందో చెప్పేవాళ్ళు ఆ పూట అక్కడ లేరు.

ఏముందో చెబుతాను. ఆ రోజుల్లో పత్రికలో ఒక ప్రాజెక్టు వేస్తే మామూలుగా మూడు బొమ్మలుండేవి. మొదటిది సర్క్యూట్ డయాగ్రమ్, అంటే ఏ భాగం దేనితో కలవాలో చూపేది. రెండోది బోర్డు మీద, అంటే భాగాలను బిగించే పలక (పీసీబీ) మీద, వాటిని కలిపే రాగి గీతలు ఎలా సాగాలో చూపే నల్లటి బొమ్మ. మూడోది ఏ రెసిస్టర్ ఎక్కడ, ఏ కెపాసిటర్ ఎటు తిప్పి పెట్టాలో చూపేది. రెండో బొమ్మ కింద చాలాసార్లు ‘యాక్చువల్ సైజ్’ అని ఉండేది. ఆ మాటకి విలువ ఉంది. ఐసీ, అంటే రెండు వరుసల కాళ్ళుండే చిప్, తీసుకెళ్ళి ఆ కాగితం మీద పెడితే దాని కాళ్ళు సరిగ్గా ఆ నల్ల చుక్కల మీద కూర్చుంటాయి. చదివినవాళ్ళు అదే పేజీ నుంచి బోర్డు చేసుకోవాలనే వేసేవాళ్ళు. కార్బన్ పేపర్ పెట్టి రాగి మీదికి దించి, సన్నటి కుంచెతో ఎనామెల్ పెయింట్ వేసి, పెయింటు లేని చోట రాగిని తినేసే ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచేవాళ్ళు. ఓపికున్నవాళ్ళకే అది సాధ్యమయ్యేది. ఐసీ కాళ్ళ మధ్య నుంచి గీత పోవాల్సి వస్తే పెయింటు కలిసిపోయేది. అందుకే ఎంతోమంది పత్రిక చదివి, ఆశపడి, పక్కన పెట్టేశారు.

ఇప్పుడు అదే పేజీని స్కాన్ చేసి, లేజర్ ప్రింటర్‌లో నున్నటి కాగితం మీద ప్రింట్ తీసి, ఇస్త్రీ పెట్టెతో రాగి మీదికి ఎక్కించవచ్చు. దీన్ని టోనర్ ట్రాన్స్‌ఫర్ అంటారు, టోనర్ అంటే ఆ ప్రింటర్‌లో ఉండే నల్ల పొడి. నలభై ఏళ్ళనాటి డ్రాయింగు ఒక సాయంత్రంలో చేతిలో బోర్డుగా వస్తుంది. నేను చేస్తున్నాను, పిల్లల చేత చేయిస్తున్నాను.

ఈ విషయం నాకెందుకు ఇంత పట్టిందో చెప్పాలి. 1967లో ఏ.ఎస్. రావు గారి నాయకత్వంలో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మొదలయ్యాక కుషాయిగూడ, చర్లపల్లి, మౌలాలి, నాచారం చుట్టుపక్కల చిన్న చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్లు చాలా వచ్చాయి. అలాంటి ఒక యూనిట్లో నేను బోర్డుల బొమ్మలు తయారుచేసే ఆర్ట్‌వర్క్ సెక్షన్‌లో పనిచేశాను. అప్పుడు కంప్యూటర్లో బోర్డు గీసే సౌకర్యం మాకు లేదు. లైట్ టేబుల్ మీద పదో వంతు అంగుళం గళ్ళున్న షీటు, దాని మీద మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ ఫిల్మ్ పరిచేవాళ్ళం. ఐసీ కాళ్ళ కోసం నల్లటి గుండ్రటి స్టిక్కర్లు, గీతల కోసం నల్లటి ముడతల టేపు. బొమ్మను అసలు సైజుకి రెట్టింపులో వేసేవాళ్ళం. తర్వాత ప్రాసెస్ కెమెరాలో సగానికి తగ్గించేవాళ్ళు. చెయ్యి అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా, తగ్గించాక పావు మిల్లీమీటరే అవుతుంది. రెండు వైపులా రాగి ఉన్న బోర్డు అయితే ఒకే ఫిల్మ్ మీద ఒక వైపు గీతలకి ఎర్ర టేపు, రెండో వైపుకి నీలం టేపు. కెమెరా ముందు ఫిల్టరు మార్చి రెండు వైపులనీ విడదీసేవాళ్ళు.

ఆ టేపుని లాగి అంటించకూడదు. లాగితే ఆ పూటకి బాగానే ఉంటుంది, వారానికల్లా మళ్ళీ ముడుచుకుని వంపు దగ్గర ఊడి వస్తుంది. వంపు తిప్పేటప్పుడు టేపు లోపలి అంచు ముడత పడకుండా వేలితో నిదానంగా నొక్కుకుంటూ పోవాలి. పాత పత్రికల్లో బొమ్మలు చూస్తే నాకు ఆ వేళ్ళు కనిపిస్తాయి. కంప్యూటర్ గీసిన గీత 45 డిగ్రీల్లో విరుగుతుంది. టేపు గీత మెల్లగా ఒంగుతుంది, ఇంకో గీతకి దారి ఇస్తుంది, భూమి (గ్రౌండ్) గీత దగ్గరకొచ్చేసరికి వెడల్పవుతుంది. ఎక్కడ జంపర్ తీగ (ఒక గీతని దాటడానికి పైన విడిగా వేసే తీగ) తప్పించడానికి ఎంత దూరం తిప్పుకొచ్చారో తెలుస్తుంది. చాలా బొమ్మల కింద గీసినవాళ్ళ పేరుండదు. పేరు లేకపోయినా అది ఒకరి రోజుల తరబడి పని.

అచ్చుపత్రికకి ఈ సంగతి చెప్పడంలో ఔచిత్యం కూడా ఉంది. ఈ బోర్డుల పుట్టుకే అచ్చుపని నుంచి వచ్చింది. 1936 ప్రాంతంలో లండన్‌లో పాల్ ఐస్లర్ అనే ఆస్ట్రియా ఇంజనీరు రాగి రేకు మీద గీతలు అచ్చువేసి, మిగతాది రసాయనంతో తినిపించి రేడియో తయారుచేశాడు. ఆయనకి అచ్చుపని ముందే తెలుసు. ప్రాసెస్ కెమెరా, ఫిల్మ్, ప్లేటు – ఒకప్పుడు మీ ప్రెస్సులో ఉన్నవే మా సెక్షన్‌లోనూ ఉండేవి.

ఇక అసలు పని. నేను పిల్లలకి మొదటగా చేయించేది 723 రెగ్యులేటర్ పవర్ సప్లై, అంటే వోల్టేజిని నిలకడగా ఇచ్చే సర్క్యూట్. 1960ల చివర్లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ తెచ్చిన 14 కాళ్ళ ఐసీ ఇది. కోఠి గుజరాతీ గల్లీలో ఇప్పటికీ అడిగితే దొరుకుతుంది. పాత పత్రికల్లో దీని మీద ప్రాజెక్టులకి లెక్కలేదు. ఒక వైపే రాగి, గీతలు వెడల్పు, భాగాలు కొద్ది. వేడెక్కే 2ఎన్3055 ట్రాన్సిస్టర్ బయట హీట్ సింక్ (వేడిని లాగేసే లోహపు పలక) మీద ఉంటుంది. తయారయ్యాక ఊరికే షోకేసులో పెట్టేది కాదు, మిగతా ప్రాజెక్టులన్నిటికీ కరెంటు దీన్నుంచే తీసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు స్కానింగ్. ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. ఫోన్‌తో ఫోటో తీస్తే పనికిరాదు. మధ్యలో ఉబ్బి, అంచుల్లో వంగుతుంది. ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), గ్రేస్కేల్‌లో తీయాలి. అప్పుడు పదో వంతు అంగుళం, అంటే ఐసీ పక్కపక్క కాళ్ళ మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు, సరిగ్గా 60 పిక్సెళ్ళు వస్తుంది. లెక్క చూసుకోవడం తేలిక. పేజీ వెనక నల్ల కాగితం పెట్టండి. పాత కాగితం పల్చన, వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనిపిస్తాయి. తెల్ల కాగితం పెడితే ఆ అక్షరాలు గీతల మధ్య మచ్చలుగా వచ్చి కూర్చుంటాయి. నల్లది పెడితే పేజీ మొత్తం కొంచెం ముదురుగా వస్తుంది, అక్షరాలు మాత్రం మాయమవుతాయి. ఆ తర్వాత గింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో థ్రెషోల్డ్ (ఎంత ముదురైతే నలుపు అనే హద్దు) జరిపి నలుపు, తెలుపు రెండే మిగిలేలా చేసుకోవచ్చు.

బైండు చేసిన సంపుటమైతే వెన్ను దగ్గర పేజీ వంపు తిరుగుతుంది. ఆ వంపులో ఉన్న బొమ్మ ఒక వైపు ఇరుకవుతుంది. కంటికి తెలియదు, ఐసీ పెట్టినప్పుడు తెలుస్తుంది. కుట్లు విప్పి పేజీ విడిగా తీయడమే మేలు. మళ్ళీ కుట్టించుకోవచ్చు.

సైజు సరిపోయిందో లేదో చూడటానికి బొమ్మలోనే కొలబద్ద ఉంది. 14 కాళ్ళ ఐసీలో మొదటి కాలు నుంచి ఏడో కాలు దాకా 15.24 మిల్లీమీటర్లు. 16 కాళ్ళదైతే 17.78. 40 కాళ్ళదైతే 48.26. బొమ్మలో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి కొలవాలి. ఎందుకంటే ప్రింటర్‌లో కాగితం కదిలే వైపు సాగు వేరు, అడ్డంగా వేరు. రెండు శాతం తేడాని చాలామంది పట్టించుకోరు. 14 కాళ్ళ ఐసీలో అది మూడో వంతు మిల్లీమీటరే, సర్దుకుంటుంది. 40 కాళ్ళ ఐసీలో దాదాపు ఒక మిల్లీమీటరు, కాళ్ళు దూరవు. ప్రింట్ ఇచ్చేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ తీసేసి 100 శాతం పెట్టమని జిరాక్స్ షాపులో గట్టిగా చెప్పాలి. వాళ్ళ చెయ్యి అలవాటుగా ‘ఫిట్’ మీదికే పోతుంది.

తర్వాతిది అద్దం బొమ్మ సంగతి. పత్రికలో వేసిన నల్ల బొమ్మ చాలావరకు రాగి వైపు నుంచి చూసినట్టు ఉంటుంది. దాన్ని కాగితం మీద ప్రింట్ తీసి రాగి మీద బోర్లిస్తే ఎడమ కుడి అవుతుంది. కాబట్టి ప్రింట్ తీసేముందే అద్దంలో చూసినట్టు తిప్పాలి. కొన్ని పత్రికలు ముందే తిప్పి వేసేవి, అవి మళ్ళీ తిప్పకూడదు. ఎలా తెలుస్తుంది? బొమ్మలో ఎక్కడన్నా అక్షరాలుంటే చూడండి. రాగి మీదికి దిగాక అవి మామూలుగా చదవడానికి రావాలి, అంతే. అక్షరాలు లేకపోతే ఐసీ కాళ్ళు లెక్కపెట్టాలి. పై నుంచి చూస్తే కాళ్ళ నంబర్లు గడియారానికి ఎదురు దిశలో పోతాయి, రాగి వైపు నుంచి చూస్తే గడియారం దిశలోనే పోతాయి. 723లో భూమి కాలు ఏడోది, ఇన్‌పుట్ వోల్టేజి వచ్చేది పన్నెండోది. బొమ్మ తిరగబడితే భూమి గీత వెళ్ళి ఎనిమిదో కాలి దగ్గర ఆగుతుంది, ఆ కాలికి లోపల ఏ కనెక్షనూ లేదు. ఇన్‌పుట్ వెళ్ళి మూడో కాలి మీద, అంటే ఎంత కరెంటు పోతోందో గమనించే కరెంట్ సెన్స్ కాలి మీద పడుతుంది. కాబట్టి భూమి గీతని పట్టుకుని ఏడో కాలి దాకా వేలితో నడిచి చూడమంటాను. డిప్లొమా ఈసీఈ చదివే మా పక్కింటి కుర్రాడు, “ఆంటీ, కాలేజీలో మూడేళ్ళలో ఐసీని కింది నుంచి ఎప్పుడూ చూడలేదు” అన్నాడు. వాళ్ళకి ప్రాజెక్టు అంటే అమీర్‌పేటలో కొన్న కిట్టు. తప్పు ఆ పిల్లలది కాదు.

కాగితం సంగతి. ఇంక్‌జెట్ ప్రింట్ పనికిరాదు, అది నీటి సిరా. లేజర్ ప్రింటర్‌లో వాడే టోనర్ చాలావరకు ప్లాస్టిక్ పొడి, అందులో నల్లరంగు కలిపి ఉంటుంది. వేడికి కరుగుతుంది, చల్లబడితే గట్టిపడుతుంది, ఫెర్రిక్ క్లోరైడ్ దాన్ని ఏమీ చేయలేదు. మనకి కావలసింది అదే గుణం. కాగితం నున్నగా ఉండాలి, టోనర్ దాని పీచులోకి ఇంకకూడదు. సన్నటి ఆర్ట్ పేపర్ బాగా పనిచేస్తుంది. టోనర్ ఆదా చేసే మోడ్ తీసేసి, నలుపు పూర్తిగా పెట్టాలి. ప్రింట్ అయిన వైపు వేలు తగలనివ్వకూడదు.

రాగి బోర్డుల్లో రెండు రకాలు మామూలుగా దొరుకుతాయి. గోధుమరంగు ఫినాలిక్, దాన్ని మనవాళ్ళు హైలం షీటు అనేస్తారు, ఆ పేరు పెట్టుకున్న కంపెనీ మన హైదరాబాద్‌దే. రెండోది ఆకుపచ్చగా ఉండే గాజు ఎపాక్సీ, ఎఫ్‌ఆర్-4. పిల్లలకి ఫినాలిక్ ఇస్తాను. రంధ్రాలు తేలిగ్గా పడతాయి, గాజు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోదు. గాజు ఎపాక్సీ కోసినా, తొలిచినా మాస్కు తప్పనిసరి. బోర్డు అంచుల్లో కోసినప్పుడు లేచిన గరుకు అంచుని ఆకురాయితో రాయకపోతే ఇస్త్రీ పెట్టె అంచు మీద ఆగిపోతుంది, మధ్యలో ఒత్తిడి పడదు. తర్వాత గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో రాగిని బాగా తోమి కడగాలి. నీళ్ళు పోస్తే బొట్లు బొట్లుగా విడిపోకుండా పల్చటి పొరలా పరుచుకోవాలి. బొట్లు కట్టిందంటే ఎక్కడో జిడ్డు ఉంది, మళ్ళీ తోమాలి.

ఇస్త్రీ పెట్టెలో ఆవిరి ఆపేసి, కాటన్ గుర్తు మీద పెట్టుకోవాలి. బోర్డు మీద ప్రింటు బోర్లించి, మొదట కదపకుండా నొక్కి ఉంచాలి, బట్టల మీద తోసినట్టు తోస్తే గీతలు పక్కకి పోతాయి. కాగితం అతుక్కున్నాక పెట్టె మొనతో అంచులు, మూలలు వరుసగా నొక్కుకుంటూ రావాలి. రెండు మూడు నిమిషాలు చాలు. మరీ ఎక్కువ నొక్కితే టోనర్ చదునై పక్క గీతని అంటుకుంటుంది. చల్లారాక గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, కాగితం మెత్తబడ్డాక బొటనవేలితో మెల్లగా రుద్దితే పొరలు పొరలుగా వస్తుంది. లాగకూడదు. ప్రతి చుక్క నడిమి రంధ్రంలో ఇరుక్కున్న కాగితాన్ని పాత టూత్‌బ్రష్‌తో తీయాలి, ఎందుకంటే అక్కడ రాగి పోయి గుంట పడితేనే డ్రిల్ మొన నిలబడుతుంది. అక్కడక్కడా టోనర్ పట్టని చోట పర్మనెంట్ మార్కర్‌తో దిద్దుకోవచ్చు. ఈ పనంతటిలో ప్రతిసారీ ఎవరో ఒకరు ఊపిరి బిగబట్టి కాగితం తీస్తూంటారు, నాకూ అంతే టెన్షన్ ఉంటుంది.

ఫెర్రిక్ క్లోరైడ్ విషయంలో మాత్రం నేను చాలా కఠినంగా ఉంటాను. పొడి నీళ్ళలో వేయాలి, నీళ్ళు పొడి మీద పోయకూడదు. కలిపేటప్పుడే వేడెక్కుతుంది, ఘాటు వస్తుంది, కిటికీలు తీసి ఉండాలి. ప్లాస్టిక్ టబ్బే వాడాలి, స్టీలు గిన్నె, అల్యూమినియం గిన్నె తినేస్తుంది. గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి, చిన్నపిల్లలు ఆ గదిలో ఉండకూడదు. బట్టల మీద పడితే ఆ పసుపు మరక పోదు. ద్రావణం గోరువెచ్చగా ఉండి, టబ్బుని మెల్లగా ఊపుతూ ఉంటే పని త్వరగా అవుతుంది. చల్లగా, కదపకుండా వదిలేస్తే రాగి పోవడానికి ఆలస్యమై, టోనర్ అంచుల కింద నుంచి కూడా తినడం మొదలుపెడుతుంది, సన్న గీతలు తెగుతాయి.

వాడిన ద్రావణాన్ని సింకులో పారబోయొద్దు. అందులో మనం కరిగించిన రాగి ఉంది. చేపలకి అది విషం. పటాన్‌చెరు పక్కన నక్కవాగుకి పరిశ్రమలు ఏం చేశాయో చూసిన ఊరివాళ్ళం మనం. కొంచెమే కదా అని ఇంటింటా పోస్తే మొత్తం మూసీకే చేరుతుంది. ఆ ద్రావణం ఒకసారికే అయిపోదు, గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో దాచి చాలాసార్లు వాడుకోవచ్చు. ఆకుపచ్చగా మారి, పని మందగించాక స్టీలు పీచు వేస్తే రాగి పొడిగా కిందికి దిగుతుంది. ఆ పైన వాషింగ్ సోడా కొద్దికొద్దిగా వేస్తూ పోవాలి, నురగ రావడం ఆగిపోయేదాకా. అడుగున పేరుకున్న బురదని ఎండబెట్టి, పేరు రాసిన డబ్బాలో వేసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి ఇవ్వాలి. నా దగ్గరికి వచ్చే పిల్లలు ముందు ఈ పద్ధతి నేర్చుకున్నాకే మొదటి బోర్డు ముంచుతారు.

చివరగా థిన్నర్‌తో టోనర్ తుడిచేస్తే కింద రాగి మెరుస్తూ కనిపిస్తుంది. ఐసీ కాళ్ళకి 0.8 మిల్లీమీటర్ల డ్రిల్, రెసిస్టర్లు, కెపాసిటర్లకి 1 మిల్లీమీటరు.

ఇదంతా చదివి, ఇప్పుడు ఫైలు పంపితే చైనా నుంచి అయిదు బోర్డులు చవగ్గా వస్తున్నాయి కదా, ఈ శ్రమ ఎందుకు అని కొందరు అడుగుతారు. నిజమే. రెండు వైపులా గీతలున్న బోర్డులకి, సన్నటి గీతలకి, రంధ్రాల్లోపల కూడా రాగి పూత కావలసినవాటికి నేను కూడా బయటికే పంపమంటాను. అయితే ఈ పాత డిజైన్లకి పంపడానికి ఫైలంటూ లేదు. ఉన్నదల్లా ఆ పేజీ మీది బొమ్మే. చేతితో ఒకటి చేసి, పరీక్షించి, సరిగ్గా ఉందని తేలాక బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ కీక్యాడ్‌లో గీసుకుని పది బోర్డులు తెప్పించుకోండి, ఎవరూ వద్దనరు. ఆ మొదటి బోర్డు చేయాలన్నా, ఫైలు గీయాలన్నా పేజీ ఉండాలి కదా.

ఇంటర్నెట్‌లో అన్నీ దొరుకుతాయి అనేది ఇంకో మాట. విదేశీ పత్రికల పాత సంచికలు చాలా దొరుకుతాయి, నేనూ వాడుకుంటున్నాను. చదువుకోవడానికి బాగుంటాయి. బోర్డు చేయబోతే మాత్రం చాలా వాటిలో ఫైలు చిన్నదవ్వాలని కుదించేశారు, దగ్గరగా ఉన్న రెండు గీతలు కలిసిపోతాయి. పేజీ కొలత ఎంతో చెప్పే ఆధారం ఉండదు. మన దేశపు సంచికల విషయంలో నేను వెతికినంతలో అదీ కష్టంగానే ఉంది. అందుకే ఒక కాలేజీ అల్మారాలో మిగిలిన కాగితపు ప్రతికి విలువ ఎక్కువ.

నా విన్నపం ఇది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ సాంకేతిక విద్యా మండళ్ళున్నాయి. పాలిటెక్నిక్‌లకి ఒక సర్క్యులర్ పంపితే చాలు. పాత పత్రికలు తీసేసేముందు వాటిని ఎలక్ట్రానిక్స్ విభాగం వాళ్ళకి చూపించాలని, ‘అసలు సైజు’ బొమ్మలున్న పేజీలు స్కాన్ చేశాకే పంపాలని. ఐటీఐలకి, జిల్లా గ్రంథాలయాలకి కూడా ఇదే చెప్పవచ్చు. ఇందుకు కొత్త బడ్జెట్ అక్కర్లేదు. స్కానర్ ప్రతి ఆఫీసులో ఉంది. పని చేయడానికి రెండో సంవత్సరం పిల్లలున్నారు, ఈ పనిలో వాళ్ళు నేర్చుకునేది తక్కువేమీ కాదు.

స్కాన్ చేసేవాళ్ళు దయచేసి పేజీ పక్కన ఒక స్టీలు స్కేలు పెట్టి, అది కూడా ఫ్రేములో వచ్చేలా తీయండి. పదేళ్ళ తర్వాత ఎవరు తెరిచినా సైజు ఎంతో దాన్ని బట్టి తెలుస్తుంది. ఫైలు పీఎన్‌జీగా గానీ టిఫ్‌గా గానీ దాచండి, జేపెగ్‌గా వద్దు, గీతల అంచులు చెదురుతాయి. బొమ్మ ఉన్న పేజీ ఒక్కటే కత్తిరించి తీయొద్దు. సర్క్యూట్, భాగాల జాబితా, భాగాల అమరిక బొమ్మ, మొత్తం వ్యాసం కలిపి తీయండి. ఫైలు పేరులో పత్రిక, నెల, సంవత్సరం, పేజీ నంబరు ఉండాలి. తర్వాతి సంచికల్లో వచ్చిన సవరణలు కూడా వెతికి అందులోనే కలపండి. ఆ రోజుల్లో లేఔట్‌లో పొరపాటుంటే రెండు మూడు నెలల తర్వాత ఒక మూల చిన్న అక్షరాల్లో దిద్దుబాటు వేసేవాళ్ళు, అది చూడక బోర్డు చేసినవాళ్ళు భాగాలు కాల్చుకునేవాళ్ళు. నెట్‌లో అందరికీ పెట్టాలనుకుంటే ముందు ప్రచురణకర్తలకి ఒక ఉత్తరం రాసి అనుమతి అడగడం మర్యాద. లైబ్రరీలో పిల్లల వాడకానికైతే కాగితం ఉన్నచోటే ఫైలూ ఉంటుంది.

ఇళ్ళలో పాత పత్రికలు దాచుకున్న రేడియో, టీవీ మెకానిక్‌లు మన ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు. అల్మారా సర్దేటప్పుడు పిల్లలు వాటిని చెత్త అనుకోవడం సహజం. కంపెనీల సర్వీస్ మాన్యువల్స్ కూడా వాళ్ళ దగ్గరే ఉంటాయి. వాటిలోనూ బోర్డు బొమ్మలుంటాయి, ఒక్కోసారి ఆ టీవీ గానీ టేప్‌రికార్డర్ గానీ బాగుచేయడానికి మిగిలిన ఆధారం అదొక్కటే. ఆ ఇళ్ళవాళ్ళు దగ్గర్లోని పాలిటెక్నిక్‌కి ఒక ఫోను చేస్తే బాగుంటుంది, తీసుకోవడానికి కాలేజీవాళ్ళు సిద్ధంగా ఉండాలి.

ఈసీఐఎల్ చుట్టుపక్కల ఏ కాలేజీ అయినా, లైబ్రరీ అయినా పాత సంపుటాలు తీసేయాలనుకుంటే మీ పత్రిక ద్వారా నాకు కబురు చేస్తే చాలు. కుట్లు విప్పడం, పేజీలు చదును చేయడం, ఏ బొమ్మ తిప్పాలో ఏది తిప్పకూడదో గుర్తులు పెట్టడం నాకు చేతనైన పని. ఫీజు ఏమీ వద్దు. ఒక టేబుల్, ఒక స్కానర్, ఇద్దరు పిల్లల్ని ఇస్తే వారంలో ఏ రోజైనా వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత పీసీబీ ఆర్ట్‌వర్క్ డ్రాఫ్ట్స్‌ఉమన్,
కుషాయిగూడ, హైదరాబాద్